చేపల మేత పాట కాదది

ఈమధ్య ఏలూరులో ఒక కాలేజీవాళ్లు సంగీతం మీద క్విజ్ పెట్టి నన్ను అతిథిగా పిలిచారు. ఒకప్పుడు టీవీలో రాక్ పాటల కార్యక్రమం చేసిన మనిషినని వాళ్లకెవరో చెప్పారట. పిల్లలు చక్కగా జవాబులు చెబుతున్నారు. ఏ బ్యాండు ఏ ఊళ్లో పుట్టింది, ఏ గిటారిస్టు ఎడమచేత్తో వాయించేవాడు, ఏ పాట ఎవరి గ్యారేజీలో తయారైంది, అన్నీ వాళ్లకి నోటికొచ్చు. చివర్లో క్విజ్ నడిపే అబ్బాయి, "ఇప్పుడు మన జిల్లా ప్రశ్న" అంటూ స్పీకర్లో ఒక గిటారు ముక్క వేశాడు. ముక్క పూర్తికాకముందే ఒకమ్మాయి బజర్ నొక్కి, "తెచ్చుకోండి తెచ్చుకోండి, చేపల మేత యాడ్" అంది. సరైన జవాబన్నాడు. చప్పట్లు కొట్టారు. హాల్లో సగంమంది నవ్వుతూ ఆ పాట అందుకున్నారు.

నేను కుర్చీలోంచి లేచి, "ఆ జవాబు తప్పండీ" అన్నాను.

ఆ అబ్బాయి మర్యాదస్తుడు. చేతిలో కార్డు మరోసారి చూసుకుని, "సారీ మేడమ్, నా దగ్గరున్న జవాబు ఇదేనండి" అన్నాడు.

అతన్ని తప్పుపట్టను. మీ అందరి దగ్గరా ఉన్న జవాబు అదే. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. శాంతంగా రాస్తానని మాత్రం మాటివ్వలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి నేను ఏలూరులో ఒక లోకల్ కేబుల్ చానల్లో పనిచేసేదాన్ని. పవర్‌పేటలో ఎరువుల కొట్టు మీద రెండు గదులు మా ఆఫీసు. వానాకాలం వస్తే స్టూడియో అంతా యూరియా వాసన. పొద్దున పంచాంగం చదివేదాన్ని, సాయంత్రం వార్తలు చదివేదాన్ని, మధ్యాహ్నం గుత్తివంకాయ కూర చేయించేదాన్ని, ద్వారకా తిరుమలలో కల్యాణం జరిగితే మెట్ల పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పేదాన్ని. అన్నిటికీ ఒకటే గొంతు, ఒకటే పట్టుచీర.

ఒకరోజు మా యజమాని పిలిచి, "అమ్మా, కుర్రాళ్లు మన చానల్ చూట్టం లేదండీ. సెల్‌ఫోన్ షాపులవాళ్లు యాడ్లు ఇవ్వం అంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు పాటలేవో వెయ్యండి. రాకో, పాపో" అన్నారు. ఆ రెంటికీ తేడా ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

తెలిసినవాడు మా ఎడిటరు. ఏలూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వాళ్లది. తండ్రికి రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసే కొట్టుండేది. రిపేరుకిచ్చి మళ్లీ రానివాళ్ల మిషన్లలో మిగిలిపోయిన క్యాసెట్లు వింటూ పెరిగాడు. మనిషి మాట్లాడేది తక్కువ. గిటారు మాటెత్తితే మాత్రం ఆపడం కష్టం. పాటలు అతను ఏరేవాడు, వాటి సంగతులు నాకు చెప్పేవాడు, నేను నా భాషలో జనానికి చెప్పేదాన్ని. "ఏవండీ, ఈ వారం కొత్తగా వచ్చిన పాటలేవిటో చూద్దామాండీ" అని నేను మొదలుపెడితే తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ హాస్టళ్లలో పడీపడీ నవ్వేవారట. నవ్వుకోవడానికి చూసినవాళ్లే తర్వాత పాటల కోసం చూడటం మొదలుపెట్టారు.

కార్యక్రమంలో సగం కొత్త పాటలు. బెంగుళూరు, షిల్లాంగ్, కలకత్తా, హైదరాబాదు నుంచి చిన్న చిన్న బ్యాండ్లు తాము సొంతంగా చేసుకున్న సీడీలు కొరియర్లో పంపేవి. పైన మార్కర్ పెన్నుతో చేత్తో రాసిన పేర్లు. ఏ కంపెనీ అండా లేకుండా ఇలా పాటలు చేసుకునేవాళ్లని ఇండీ అంటారని నాకప్పుడే తెలిసింది. రెండో సగంలో రాక్ చరిత్ర నుంచి ఒక కథ, దానిమీద ఒక ప్రశ్న, ఫోన్లో జవాబులు. ఫ్యాక్టరీ మిషన్లో వేళ్ల కొసలు తెగిపోతే ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మళ్లీ గిటారు పట్టిన కుర్రాడి కథ చెప్పాను. గొంతు చాలనట్టుందని స్పీకర్ని బ్లేడుతో కోసి కొత్త శబ్దం పుట్టించినవాడి కథ చెప్పాను. అమెరికాలో పత్తిచేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాటల్ని పెద్ద పెద్ద బ్యాండ్లు తమ పేరు మీద వేసుకుని, ఎప్పటికో కోర్టుల్లో ఒప్పుకున్న కథలు కూడా చెప్పాను. అవన్నీ సరదా సంగతుల్లాగే ఉండేవి. సముద్రాల అవతల, ఎప్పుడో జరిగినవి కదా.

గుండుగొలను నుంచి ఒక పెద్ద రైతు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. వాళ్ల మనవడు రిమోట్ ఇవ్వడట. "అమ్మా, మీరు చెప్పేదాకా బాగానే ఉంటుందండీ. ఆ తర్వాత వాళ్లెందుకండీ అలా అరుస్తారు? ఎవరన్నా కొట్టారా?" అనేవారు. ఆయన ఫోన్ రాకపోతే మాకే వెలితిగా ఉండేది.

ఇన్ని పాటలొచ్చినా తెలుగులో పాడే రాక్ బ్యాండు ఒక్కటీ తగలలేదు. మా ఎడిటరుకి అదే బెంగ.

ఒకరోజు ముగ్గురు విద్యార్థులు మెట్లెక్కి వచ్చారు. ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ములు. మూడో మనిషి పాట రాసి, కట్టి, పాడే అమ్మాయి. కొల్లేటికోట వాళ్లది. తండ్రి లేడు. తల్లి కైకలూరులో చేపల షెడ్డులో ఐసులో చేతులు పెట్టి సరుకు ఏరే పని చేస్తుంది. ఆ అమ్మాయి తాడేపల్లిగూడెంలో బంధువులింట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. గూడెం స్టేషన్ దగ్గర, ఎలక్షన్ పాటలూ భజనలూ రికార్డు చేసే ఒక చిన్న స్టూడియోలో వాళ్ల పాట రికార్డు చేయించుకున్నారు.

సీడీ పెట్టాం. మొదట గిటారు, కోపంతో పళ్లు నూరుతున్నట్టు. దాని వెనక ఎక్కడో సన్నగా రైలు కూత. తర్వాత ఆ అమ్మాయి గొంతు: "తప్పుకోండి తప్పుకోండి, మా అమ్మ బస్సెక్కుతోంది."

పాట మొత్తం అదే సంగతి. పని దిగి బస్సెక్కిన తల్లిని చూసి జనం ముక్కులు మూసుకుని పక్క సీటుకి జరిగిపోతారు. తప్పుకోండి, తప్పుకోండి అని ఒకళ్లనొకళ్లు హెచ్చరించుకుంటారు. ఆ మాటనే తీసుకుని కూతురు, మహారాణి వస్తుంటే దారిమ్మన్నట్టుగా పాడింది. అందులో ఏడుపు లేదు. వినేవాళ్లే సిగ్గుపడాలి.

మా ఎడిటరు హెడ్‌ఫోన్లు తీసి, పాట మొదటి నుంచి మళ్లీ వేశాడు. చివరికి, "ఆ రైలు కూత తీసెయ్యచ్చండి" అన్నాడు.

"ఉండనివ్వండి సార్" అందా అమ్మాయి. "మేం పాడేటప్పుడు వచ్చింది కదండీ. అదీ మాదే."

ఆ ఆదివారం కొత్త పాటల్లో మొదటిది అదే వేశాం. ఫోన్లు ఆగలేదు. హాస్టళ్ల నుంచి, భీమడోలు నుంచి, ఆకివీడు నుంచి. మళ్లీ వెయ్యమంటే మళ్లీ వేశాం. గుండుగొలను పెద్దాయన మాత్రం, "బస్సులో వాసనొస్తే జరక్క ఏం చేస్తారమ్మా? దీనిమీద కూడా పాటేనా?" అని గట్టిగానే తిట్టారు. ఆయన అంతగా తిట్టిన పాట మరొకటి లేదు.

కొన్నాళ్లు పోయాక ఒక సోమవారం, ఆ వారం వెయ్యాల్సిన ప్రకటనల్ని ఎడిటరు వరసగా చూస్తున్నాడు. నేను పక్కనే వార్తలు దిద్దుకుంటున్నాను. ఆ గిటారు వినబడింది. పాత సీడీ పెట్టాడేమో అనుకుని తలెత్తలేదు. తర్వాత ఒక మగగొంతు: "తెచ్చుకోండి తెచ్చుకోండి, మేలైన మేత తెచ్చుకోండి." తెరమీద చెరువులో చేపలు ఎగురుతున్నాయి.

ట్యూను పోలి ఉండటం కాదండీ. ఆ గిటారే. ఆ అమ్మాయి గొంతు అందుకోకముందున్న ముక్క తీసుకుని, దానిమీద వేరే గొంతు పెట్టారు. ఎడిటరు వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. సన్నగా రైలు కూత. చేపల మేతకి రైలెందుకో ఆ కంపెనీ వాళ్లు కూడా ఆలోచించినట్టు లేదు.

ఇద్దరం యజమాని గదిలోకి వెళ్లాం. ఆయన ఏమీ దాచలేదు. ఆ మేత కంపెనీ డీలరు పాట బాగుందన్నాడట, మా యాడ్స్ చూసే మనిషి అల్మారాలోంచి సీడీ తీసి కాపీ ఇచ్చాడట.

"ఆ పిల్లల్ని అడగలేదేంటండీ?" అన్నాను.

"అడిగేదేముందమ్మా? ఒకసారి గాలిలోకి వదిలాక పాట అందరిదీ కదండీ. పైగా వాళ్ల ట్యూను ఊరూరా మోగుతుంది. సంతోషించాలండీ వాళ్లు."

"మరి వాళ్ల పేరు?"

"మేత బస్తా మీద పాటగాళ్ల పేర్లు వేస్తారాండీ ఎక్కడన్నా?" అని నవ్వి, మాకు కాఫీ తెప్పించారు.

మీకో మాట చెబుతాను. మా గోదావరి వాళ్ల మాట మెత్తనని అందరూ మెచ్చుకుంటారు. అన్యాయం చేసేటప్పుడు కూడా ఆ మెత్తదనం పోదు. గొంతు పెంచినవాడితో పోట్లాడొచ్చు. మాటమాటకీ అండీ అంటూ, కాఫీ ఇస్తూ మీ జేబు కొట్టేసేవాడితో ఎలా పోట్లాడతారు? ఆ కాఫీ నేను తాగలేదు. అంతకుమించి ఆరోజు చెయ్యగలిగిందీ లేదు.

ప్రకటన ఊరూరా మోగింది. కైకలూరులో మేత దుకాణాల ముందు మైకుల్లో, ఆటోల్లో, ఇతర చానళ్లలో. పిల్లలు ఆడుకుంటూ పాడారు.

ఆ సమయంలోనే తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఉత్సవంలో బ్యాండ్ల పోటీ పెట్టారు. సొంత పాటే పాడాలన్నది నియమం. నేను ఒక జడ్జిని. సినిమా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ఒకాయన, ఆ కాలేజీ లెక్చరరు ఒకాయన, మిగతా ఇద్దరు. మా బ్యాండు పిల్లలు ముగ్గురూ స్టేజీ ఎక్కారు. గిటారు మొదలవ్వగానే గ్రౌండంతా ఒక్కసారిగా "తెచ్చుకోండి తెచ్చుకోండి" అని అందుకుంది. ఈలలు. ఎవడో "ఒక బస్తా ఇటు పడెయ్యండి" అని అరిచాడు. డ్రమ్ములబ్బాయి చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి అతనికి తలూపి, మళ్లీ మొదలుపెట్టించి, పాట మొత్తం పాడింది. ఒక్క పదం కూడా ఎవరికీ వినబడలేదు.

మార్కులు వేసేటప్పుడు కీబోర్డు ఆయన, "వీళ్లని తీసెయ్యాలండీ. యాడ్ ట్యూను కొట్టేశారు" అన్నారు.

"ట్యూను వాళ్లదేనండి. యాడ్ వాళ్లు కొట్టేశారు. ముందు నేనే నా ప్రోగ్రాములో వేశాను" అన్నాను.

"అయ్యుండచ్చండీ. కానీ జనానికి తెలిసింది యాడే కదా. రేపు కాపీ పాటకి ప్రైజిచ్చామంటే కాలేజీకి మాటొస్తుంది" అన్నారు లెక్చరరు గారు. చాలా సౌమ్యులు. నాకు సమోసా ప్లేటు జరిపారు.

ఇద్దరు ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు. పిల్లల్ని పోటీలోంచి తీసేస్తున్నామని మైకులో చెప్పారు, కారణంతో సహా. నేను లేచి బయటికొచ్చాను. సైకిల్ స్టాండు దగ్గర ఆ అమ్మాయి గిటారుకి కవరు తొడుగుతోంది. కళ్లల్లో నీళ్లు లేవు. "మా పాట మేమే దొంగిలించామంటండి మేడమ్" అంది.

వయసులో నాలో సగం కూడా లేని పిల్ల. ప్రతివారం సరదాగా చెప్పిన ఆ పత్తిచేల కథల్లో మనుషులున్నారని నాకు అప్పుడు తెలిసింది.

తెలిసిన లాయరుని అడిగాను. కేసు నిలుస్తుందన్నారు, ఎన్నాళ్లు నిలబడాలో మాత్రం చెప్పలేనన్నారు. మా చేతిలో ఉన్నది ఆదివారం కార్యక్రమం ఒక్కటే. అది లైవు.

ముందు కైకలూరు వెళ్లి ఆ తల్లిని కలిశాను. షెడ్డు బయట, రబ్బరు చెప్పులతో, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వచ్చింది. ఆమె పనిచేసే షెడ్డు యజమానే ఆ మేతకి డీలరు. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. లోపల నుంచి లారీలకి సరుకెత్తే కుర్రాళ్లు ఆ ప్రకటనే పాడుతున్నారు.

"రోజూ ఇదేనండి. నన్ను చూసి మరీ పాడతారు. నామీద పాటని వాళ్లకి తెలీదు" అంది.

మేం చెయ్యబోయేది చెప్పాను. ఆమె పని పోవచ్చని కూడా చెప్పాను.

ఐసుకి పాలిపోయిన వేళ్లు కొంగుకి తుడుచుకుంది. "పోతే ఇంకో షెడ్డు చూసుకుంటానండి. ఈ చేతులు నావే కదండీ. మీరు వెయ్యండమ్మా. తెలియనివ్వండి."

తిరిగొచ్చి ఎడిటరుతో, "మీ ఉద్యోగం కూడా పోతుందండీ" అన్నాను. "మా నాన్న కొట్టుందిగా మేడమ్ గారూ" అన్నాడు. అంతే. వేరే చర్చ జరగలేదు.

ఆదివారం మామూలుగానే మొదలుపెట్టాం. కొత్త పాటలు వేశాం. తర్వాత నేను, "ఏవండీ, ఈ వారం కథ అమెరికాది కాదండీ, మనదే" అన్నాను. పత్తిచేల పాటగాళ్ల సంగతి రెండు మాటల్లో గుర్తుచేసి, ముందు పిల్లల పాట వేయించాను, వెంటనే ప్రకటన వేయించాను. రెంటిలోనూ రైలు కూత దగ్గర ఎడిటరు ఆపి మళ్లీ వినిపించాడు. "ప్రశ్న ఒక్కటేనండీ. ఈ రెంటిలో ఏది ముందు పుట్టింది? ఎవరిది ఎవరు తీసుకున్నారు?" అన్నాను.

మొదటి ఫోన్ గూడెం హాస్టల్ నుంచి. "మేడమ్, ఆరోజు గ్రౌండులో అరిచినవాళ్లలో నేనూ ఉన్నానండి" అన్నాడు ఆ కుర్రాడు. "సారీ చెప్పండి వాళ్లకి" అని పెట్టేశాడు.

తర్వాత గుండుగొలను పెద్దాయన. "ముందొచ్చింది ఆ అమ్మాయి పాటేనమ్మా. నాకెలా తెలుసంటారా? నేను తిట్టాను కదండీ. యాడ్ని ఎవరు తిడతారు? ఇది నేను తిట్టిన పాటే. ఎక్కడన్నా చెప్పమంటే వచ్చి చెబుతాను."

ఆ మాట పూర్తయ్యేసరికి లోపలి గదిలో యజమాని నుంచి ఫోన్ మోగుతోంది. ఎడిటరు రిసీవరెత్తి, "సరిగా వినబట్లేదండీ, లైన్లో గోలగా ఉందండీ" అంటూ నాకు ఇంకో రెండు ఫోన్లకి సమయమిచ్చాడు. చివరికి యాడ్స్ మనిషి పరుగున వచ్చి వైరు పీకేశాడు. ఊళ్లో టీవీల్లో నా మొహం పోయి వెంకటేశ్వరస్వామి బొమ్మ వచ్చిందట.

మర్నాడు యజమాని చాలా గౌరవంగా మాట్లాడారు. "అమ్మా, బాగా అలిసిపోయారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఎడిటరుకి ఆ మర్యాద కూడా దక్కలేదు, గేటు దగ్గరే చెప్పించారు. అతను తండ్రి కొట్లో కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే, సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. నేను ఒక స్కూల్ ఆఫీసులో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ తల్లిని మర్నాటి నుంచే రావద్దన్నారు. ఆకివీడులో ఇంకో షెడ్డుకి వెళ్లింది. బస్సు ప్రయాణం ఇంకాస్త పెరిగింది.

మరి కంపెనీకి ఏమైంది అంటారా? ప్రకటన కొన్నాళ్లు ఆగింది. గెలిచామనుకున్నాం. వానలు వెలిసి చెరువుల పని ఊపందుకోగానే మళ్లీ వచ్చింది. ఈసారి కొత్తగా వాయించిన గిటారు, అదే ట్యూను, రైలు కూత లేదు. అంటే తమది కాదని వాళ్లకి బాగా తెలుసన్నమాట. మీరు చిన్నప్పుడు విన్నది ఈ రెండోదే. క్విజ్‌లో మోగిందీ అదే. పిల్లలు ఆ తర్వాత స్టేజీ ఎక్కలేదు. ఎక్కినచోటల్లా జనం మేత అడుగుతుంటే ఎలా ఎక్కుతారు?

నాకు కోపం వచ్చేది దొంగల మీదే కాదు. ఆ ట్యూను విన్నప్పుడల్లా నవ్వుకుని, ఇది ఎవరిదని ఒక్కసారి కూడా అడగని మనందరి మీద. రాక్ చరిత్ర బట్టీపట్టారు మీరు. ఎవరి గిటారు ఎన్ని ముక్కలైందో చెప్పగలరు. మీ ఊరి పక్కన ఒక పాటని ముక్కలు చేస్తే మీకు అది జోకు.

ఇది రాసే ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు గవర్నమెంటు ఉద్యోగంలో ఉంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆమె పేరు పెద్ద అక్షరాల్లో వేయిస్తానని చెప్పాను.

"నా పేరు వేస్తే ఆ కంపెనీ వాళ్ల పేరు కూడా వెయ్యండి మేడమ్. వాళ్ల పేరు వెయ్యలేమంటే నాదీ వద్దండి. వాళ్లు దాక్కుని, నేనొక్కదాన్నే బయట నిలబడితే, మళ్లీ జనం నన్నే చూస్తారు."

ఈ వ్యాసం వేసే పత్రికవాళ్లని అడిగాను. అమ్మాయి పేరు ఇబ్బంది లేదండీ, కంపెనీ పేరైతే కష్టమండీ, అన్నారు. చాలా మెత్తగానే అన్నారు.

అందుకని రెండూ తీసేశాను. ఇక్కడ ఎవరి పేరూ లేకపోవడం మీకు మర్యాదలా కనబడుతుందేమో. కాదండీ. ప్రకటనలో ఒకసారి, పోటీలో ఒకసారి, ఇప్పుడు ఇక్కడ; ఆ పాట రాసిన మనిషిని తీసెయ్యడం ఇది మూడోసారి.